1956 ల్యాండ్‌మాస్టర్ కొనే ముందు: బానెట్ కింద ఉన్నది ఏ ఇంజిన్?

తెనాలి_పాతకారు | ఆదివారం, ఉదయం 7:40

సభ్యులందరికీ నమస్కారం. మా ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఒక రైతు కుటుంబం వద్ద 1956 నాటి హిందుస్థాన్ ల్యాండ్‌మాస్టర్ కారు ఉంది. ఇంటి పెద్దాయన కాలం చేసిన తర్వాత, పన్నెండేళ్లుగా అది గొడ్ల సావిడి పక్కన రేకుల షెడ్డులోనే నిలబడి ఉంది. అడుగున అక్కడక్కడా తుప్పు పట్టినా తలుపులు సరిగ్గా మూసుకుంటున్నాయి, అద్దాలన్నీ ఉన్నాయి, స్టీరింగ్ చక్రం ఎక్కడా పగలలేదు. నా చిన్నతనంలో మా మేనమామ గారి ఇంట్లో ఇలాంటి కారే ఉండేది కనుక, దీన్ని చూసినప్పటి నుంచి నా మనసంతా దాని మీదే ఉంది.

అమ్మే ఆయన పెద్దాయన కుమారుడు. ఇంజిన్ కంపెనీ నుంచి వచ్చినదేననీ, ఎన్నడూ మార్చలేదనీ గట్టిగా చెబుతున్నారు. ధర కూడా ఆ మాట మీదే చెప్పారు. నేను ఇంటికి వచ్చి వెతికితే, ల్యాండ్‌మాస్టర్‌కు మాతృక అయిన ఇంగ్లండు కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండవ సిరీస్‌లో 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్ ఉండేదని తెలిసింది. షెడ్డులోని కారులో కూడా హెడ్ (సిలిండర్లను పైనుంచి మూసే భాగం) పైన రేకు కవరు, దాని మీద ఆయిల్ పోసే మూత ఉన్నాయి. రెండూ సరిపోయాయి కాబట్టి వచ్చే ఆదివారం బయానా ఇద్దామనుకుంటున్నాను. ఈలోగా నేను చూడవలసినది ఇంకేమైనా ఉంటే పెద్దలు చెప్పగలరు.

సైడ్‌వాల్వ్ | ఆదివారం, ఉదయం 9:15

బయానా సంగతి కొన్నాళ్లు ఆపండి. మీరు చదివినది తప్పు కాదు, కానీ అది ఇంగ్లండులో అమ్మిన కారు సంగతి. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు ఆక్స్‌ఫర్డ్ రెండవ సిరీస్ బాడీతో ల్యాండ్‌మాస్టర్ చేశారు గాని, అందులో పెట్టిన ఇంజిన్ అంతకు ముందు తరానిది. హిందుస్థాన్ 14 కారులో ఉన్న 1476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజినే ల్యాండ్‌మాస్టర్‌లోకీ వచ్చింది. ఆ తర్వాత వచ్చిన అంబాసిడర్ కూడా మొదట్లో అదే ఇంజిన్‌తో నడిచింది. 1959లో గాని దానికి 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్ రాలేదు. అంటే 1956 నాటి మన దేశపు కారులో హెడ్ మీద రాకర్ కవరు, అంటే మీరు చూసిన ఆ రేకు కవరు, కనిపించిందంటే, మీరు అనుకున్నట్టు అది అసలు ఇంజిన్ అని రుజువు కాలేదు. సరిగ్గా అందుకు విరుద్ధమైనదే రుజువైంది.

సైడ్ వాల్వ్ ఇంజిన్‌ను గుర్తుపట్టడానికి పనిముట్లేమీ అక్కరలేదు. అందులో వాల్వులు సిలిండర్ల పక్కన, సిలిండర్లు ఉండే ఇనుప దిమ్మ అయిన బ్లాకులోనే నిలబడి ఉంటాయి. కనుక హెడ్ అన్నది బ్లాకు మీద బోర్లించిన మందపాటి ఇనుప పలక మాత్రమే. దాని పైన రాకర్లు ఉండవు, రేకు కవరు ఉండదు, వరుసగా బిగించిన నట్లూ ప్లగ్గులూ మాత్రమే కనిపిస్తాయి. గాలి లోపలికి వెళ్లే మ్యానిఫోల్డు, పొగ బయటికి వచ్చే మ్యానిఫోల్డు రెండూ హెడ్‌కు కాక నేరుగా బ్లాకు పక్కకే బిగించి ఉంటాయి. ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్‌లో వాల్వులు హెడ్‌లోనే ఉంటాయి కనుక మ్యానిఫోల్డులు కూడా హెడ్‌కే వస్తాయి. మన మెకానిక్కులు ట్యాపెట్ కవరు అని పిలిచే ఆ రేకు కవరు, అటూ ఇటూ ఊగే రాకర్లను కప్పడానికి ఉన్నది. అది ఉందంటే సైడ్ వాల్వ్ కాదని నిశ్చయంగా చెప్పవచ్చు.

మీరు ఇంకొకసారి వెళ్లి, డ్రైవర్ సీట్లో కూర్చున్నట్టు ఊహించుకుని ఎడమ, కుడి నిర్ణయించుకుని, ప్లగ్గులు ఏ పక్కన ఉన్నాయో, మ్యానిఫోల్డులు ఏ పక్కన ఉన్నాయో రాయండి.

కౌలీ_తెలుగు | ఆదివారం, మధ్యాహ్నం 2:05

నేను ఆక్స్‌ఫర్డ్ ఊరిలోనే ఉంటున్నాను, మోరిస్ కర్మాగారం ఉన్న కౌలీకి దగ్గరలో. ఇక్కడి పాత కార్ల వారి రాతలు చదివి మన వాళ్లు పొరబడటం నేను ఇంతకు ముందు కూడా చూశాను కనుక కొంచెం వివరంగా రాస్తాను.

1952లో ఆస్టిన్, మోరిస్ సంస్థలు కలిసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అయ్యాయి. ఆస్టిన్ వారు రూపొందించిన బీ సిరీస్ ఇంజిన్, అంటే మీరు చదివిన ఆ 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్, 1954లో ఆక్స్‌ఫర్డ్ రెండవ సిరీస్‌లోకి ఆ కలయిక వల్లే వచ్చింది. అంతకు ముందున్న ఆక్స్‌ఫర్డ్ ఎంవో కారు మోరిస్ వారి సొంత సైడ్ వాల్వ్ ఇంజిన్‌తో నడిచింది. ఇక్కడ బాడీ, ఇంజిన్ కలిసి మారాయి. మన దేశంలో బాడీ ముందు మారింది, ఇంజిన్ తర్వాత మారింది. ఇంగ్లండు పుస్తకాలలో ఈ తేడా ఉండదు, ఎందుకంటే అవి ఉత్తరపారా కార్ల గురించి రాసినవి కావు. భారతదేశంలో తయారైన కారును భారతదేశపు కాగితాలతోనే సరిచూసుకోవాలి.

మరొక సంగతి. ఇక్కడ తయారైన బీ సిరీస్ ఇంజిన్ల నంబర్లలో, 1950ల చివరి నుంచి, మొదటి రెండు అంకెలు సామర్థ్యాన్ని చెబుతాయి: 15 అంటే 1489 సీసీ, 16 అంటే 1622 సీసీ, 18 అంటే 1798 సీసీ. మీ కారులో ఉన్నది ఉత్తరపారా ఇంజిన్ అయితే ఈ లెక్క దానికి వర్తిస్తుందని అనుకోకండి. కానీ ఎవరైనా విదేశీ కారు నుంచి తీసి బిగించిన ఇంజిన్ అయితే ఈ అంకెలు వెంటనే పట్టిస్తాయి.

జీపు_ఖమ్మం | ఆదివారం, రాత్రి 8:30

జీపుల్లో మాకు ఈ తంటా నిత్యం ఉన్నదే. విల్లీస్ పాత ఇంజిన్ గో డెవిల్ పూర్తి సైడ్ వాల్వ్. దాని తర్వాత వచ్చిన హరికేన్‌లో లోపలికి గాలి తీసుకునే వాల్వు మాత్రం హెడ్‌లోకి ఎక్కింది, పొగ వాల్వు బ్లాకులోనే ఉండిపోయింది. రెండింటికీ బోరు (సిలిండర్ లోపలి వ్యాసం), స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) ఒకటే, రెండూ 134 ఘనపు అంగుళాలే, అంటే దాదాపు 2200 సీసీ. కనుక కొలతలు తీసినంత మాత్రాన ఏదీ తేలదు. వాల్వులు ఎక్కడ ఉన్నాయో చూడవలసిందే. ఇవి కాక, డీజిల్ ఇంజిన్ బిగించిన జీపులు మా వైపు లెక్కలేనన్ని.

పెయింటు చూసి మోసపోకండి. అసలు రంగు అంటూ కొత్తగా కొట్టిన ఇంజిన్లు నేను చాలా చూశాను. కార్బురేటర్‌ను, డైనమోను కూడా సాక్ష్యంగా తీసుకోకండి. ఇన్నేళ్లలో అవి ఎవరో ఒకరి చేతిలో మారే ఉంటాయి. బ్లాకు, హెడ్ పోత పోసినవి కనుక వాటి ఆకారం మారదు.

తెనాలి_పాతకారు | మంగళవారం, సాయంత్రం 6:50

ఈ రోజు మళ్లీ వెళ్లి వచ్చాను. రేకు కవరు పైన రెండు నట్లతో బిగించి ఉంది. రెండు మ్యానిఫోల్డులూ ఎడమ పక్కన హెడ్‌కే ఉన్నాయి. ప్లగ్గులు నాలుగూ, డిస్ట్రిబ్యూటరూ కుడి పక్కన ఉన్నాయి. ఎడమ పక్కనే, మ్యానిఫోల్డు కింద బ్లాకుకు రెండు చిన్న రేకు మూతలు కనిపించాయి. ఇంజిన్ నంబరు బ్లాకు కుడి పక్కన ఉన్నట్టుంది గాని జిడ్డు, మట్టి గట్టిగా పేరుకుపోయి చివరి మూడు అంకెలు తప్ప చదవలేకపోయాను. స్క్రూడ్రైవర్‌తో గీకబోయి, ఇక్కడ ఎవరైనా వద్దంటారేమోనని ఆగిపోయాను.

ఇంజిన్ మౌంటింగుల దగ్గర టార్చి వేసి చూస్తే, ఎడమ పక్క బ్రాకెట్టుకు చేతితో చేసిన వెల్డింగ్ కనిపించింది. మిగతా ఛాసిస్ మీద అలాంటి వెల్డింగ్ ఎక్కడా లేదు.

సైడ్‌వాల్వ్ | మంగళవారం, రాత్రి 9:10

ఆగి మంచి పని చేశారు. మీరు రాసిన వర్ణన బీ సిరీస్ ఇంజిన్‌కు అక్షరాలా సరిపోతుంది. మ్యానిఫోల్డు కింది రెండు చిన్న మూతల వెనుక పుష్ రాడ్లు ఉంటాయి; బ్లాకులో ఉన్న క్యామ్ షాఫ్టు వాటి ద్వారానే పైనున్న రాకర్లను ఆడిస్తుంది. ఆ బ్రాకెట్టు వెల్డింగ్ కూడా, ఈ ఇంజిన్ ఆ బండిలోకి తర్వాత వచ్చిందని చెబుతోంది.

నంబరు మీది జిడ్డును ఇనుప పనిముట్టుతో గీకకూడదు. పంచ్ చేసిన అంకెలు లోతు తక్కువగా ఉంటాయి, ఒక్క గీత పడినా రేపు రవాణా శాఖ వారు దిద్దారేమోనని అనుమానిస్తారు. కిరోసిన్‌లో తడిపిన గుడ్డను అరగంట దాని మీద ఉంచి, ఆ తర్వాత పాత టూత్ బ్రష్‌తో మెల్లగా రుద్దండి. తడి ఆరాక సుద్దముక్కతో పైన పామి, చేత్తో తుడిస్తే అంకెల గాడుల్లో సుద్ద నిలిచి తెల్లగా కనిపిస్తాయి. తర్వాత పక్క నుంచి టార్చి వేసి ఫొటో తీసుకోండి. అంకెల చుట్టూ ఉన్న తలం మిగతా బ్లాకులాగే గరుకుగా ఉందా, లేక ఆ ముక్క మాత్రం గ్రైండ్ చేసినట్టు నున్నగా ఉందా అన్నది నంబరు కన్నా ముందు చూడవలసిన విషయం.

లేతుమేస్త్రి | బుధవారం, ఉదయం 6:20

విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా బోరు పని చేస్తున్నాను. బీ సిరీస్ అని తేలింది కదా అని అంతటితో ఆగవద్దు, ఎందుకంటే బీ సిరీస్‌లోనూ రకాలున్నాయి. కొంతమంది ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోంచి పుల్ల దింపి, హ్యాండిల్ తిప్పుతూ పిస్టన్ ఎంత దూరం కదిలిందో కొలిచి ఇంజిన్ సైజు చెబుతారు. ఈ ఇంజిన్లకు ఆ పద్ధతి పనికిరాదు. 1489, 1622, 1798 మూడింటికీ స్ట్రోకు 88.9 మిల్లీమీటర్లే, అంటే మూడున్నర అంగుళాలు. 1489 సీసీ డీజిల్‌కు కూడా అంతే. తేడా అంతా బోరులోనే ఉంది: 1489కి 73.025, 1622కి 76.2, 1798కి 80.26 మిల్లీమీటర్లు. పైగా ప్లగ్గు రంధ్రం ఏటవాలుగా ఉంటుంది కనుక పుల్ల కొలత కూడా సరిగ్గా రాదు. సైడ్ వాల్వ్‌లో ఇంకో చిక్కు ఉంది. దాని స్ట్రోకు 87, బోరు 73.5, కాని సైడ్ వాల్వ్ ఇంజిన్లలో చాలావాటికి ప్లగ్గు వాల్వుల వైపు ఉంటుంది, అందువల్ల పుల్ల పిస్టన్ మీదికే దిగకపోవచ్చు.

అందువల్ల హెడ్ లేపి బోరు కొలవడం ఒక్కటే నికరమైన మార్గం. పన్నెండేళ్లు కదలని బండి కనుక, కొన్నా కొనకపోయినా హెడ్ లేపడం ఆ బండికి మేలే. కొత్త హెడ్ గాస్కెట్ ఖర్చు మీరు పెట్టుకుంటానంటే అమ్మే ఆయన ఒప్పుకోవచ్చు. హ్యాండిల్ తిప్పే ముందు నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కొక్క సిలిండర్‌లో రెండు చెంచాల పలుచని ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. పట్టేసిన ఇంజిన్‌ను బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి, ఆ నష్టం కొనకముందే మీ నెత్తిన పడుతుంది.

మీరు పిలిస్తే శనివారం నేనే వస్తాను. బోర్ గేజి, వెర్నియర్ నా దగ్గర ఉన్నాయి.

మా_తాతగారి_డాడ్జ్ | బుధవారం, మధ్యాహ్నం 12:40

చర్చకు అడ్డు వస్తే క్షమించండి. మా తాతగారి డాడ్జ్ కారు 1947 నాటిది, అందులో ఆరు సిలిండర్ల ఇంజిన్ ఉంది. దాన్ని కొనాలనుకునే ఒకరు అది డాడ్జ్ ఇంజిన్ కాదు, ప్లిమత్ ఇంజిన్ అంటున్నారు. రెండూ చూడడానికి ఒకేలా ఉంటే ఎలా తెలుస్తుంది?

సైడ్‌వాల్వ్ | బుధవారం, మధ్యాహ్నం 1:30

మీది అడ్డు కాదు, ఇదే ప్రశ్నకు ఇంకొక రూపం. రెండూ సైడ్ వాల్వ్ ఆరు సిలిండర్లే కనుక పైకి తేడా తెలియదు. బ్లాకు ఎడమ పక్కన ముందు భాగంలో, ఒకటవ, రెండవ సిలిండర్ల మధ్య, డైనమోకు పైన చిన్న చదునైన తలం ఉంటుంది, నంబరు దాని మీద పంచ్ చేసి ఉంటుంది. అది ఇంగ్లిషు అక్షరం డీ, 24తో మొదలైతే 1946–48 డాడ్జ్ ఇంజిన్, పీ, 15తో మొదలైతే ఆ కాలపు ప్లిమత్ ఇంజిన్. డాడ్జ్‌ది 230 ఘనపు అంగుళాలు, ప్లిమత్‌ది దాదాపు 218. అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. కొన్ని ఎగుమతి కార్లలో డాడ్జ్ పేరు పెట్టి ప్లిమత్ యంత్రాలు పంపారు కనుక, పీ అక్షరం కనిపించినంత మాత్రాన ఎవరో మార్చారని నిర్ణయించకండి. రిజిస్ట్రేషన్ పుస్తకంలో మొదట రాసిన ఇంజిన్ నంబరు చూడండి.

ఆర్సీ_పుస్తకం | బుధవారం, రాత్రి 7:55

రవాణా శాఖలో గుమాస్తాగా పనిచేసి విరమించుకున్నాను. ఇంతవరకు ఎవరూ పుస్తకం గురించి అడగలేదు కనుక నేను అడుగుతున్నాను. పాత రిజిస్ట్రేషన్ పుస్తకం ఉందా? కంప్యూటర్ నుంచి తీసిన కాగితం కాదు, తొలి యజమాని నుంచి చేతులు మారుతూ వచ్చిన అసలు పుస్తకం కావాలి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, సిలిండర్ల సంఖ్య, సీసీ అన్నీ అందులో చేతిరాతతో ఉంటాయి. ఇంజిన్ మార్చితే అధికారికి తెలియజేసి పుస్తకంలో రాయించుకోవాలన్న నియమం ఈనాటిది కాదు. 1939 నాటి మోటారు వాహనాల చట్టంలోనూ ఉంది, ఇప్పటి 1988 చట్టంలో 52వ సెక్షన్‌గానూ ఉంది. నిజాయతీగా మార్చినవారు పాత నంబరును ఎర్ర సిరాతో కొట్టివేయించి, పక్కన కొత్త నంబరు రాయించి, సంతకం, ముద్ర వేయించుకునేవారు.

మీరు సరిచూడవలసినవి మూడు జతలు. బ్లాకు మీది నంబరు పుస్తకంలోని ఇంజిన్ నంబరుతో కలవాలి. ఛాసిస్ మీది నంబరు పుస్తకంలోని ఛాసిస్ నంబరుతో కలవాలి. పుస్తకంలో రాసిన సీసీ ఇంజిన్ రకంతో కలవాలి. మూడవ దాన్ని దాదాపు ఎవరూ చూడరు. నంబరు మార్చి రాసి, సీసీ గడిని పాతగానే వదిలేసిన పుస్తకాలు నా చేతి మీదుగా ఎన్నో వెళ్లాయి. నంబరు చదివాక దాని మీద పలుచని కాగితం ఉంచి పెన్సిల్ ప్రింటు తీసుకోండి. బదిలీ సమయంలో ఛాసిస్ నంబరుకు ఎలాగూ అది అవసరం, ఇంజిన్‌కు కూడా తీసుకోవడం మీ రక్షణకు.

తెనాలి_పాతకారు | శనివారం, రాత్రి 10:15

ఈ రోజు జరిగినదంతా వరుసగా రాస్తున్నాను. లేతుమేస్త్రి గారు ఉదయం తొమ్మిదింటికే వచ్చారు. వారికి ఎలా కృతజ్ఞత చెప్పాలో నాకు తెలియడం లేదు. రానూపోనూ బస్సు ఛార్జీ కూడా తీసుకోలేదు.

ముందు నంబరు. కిరోసిన్, సుద్ద పద్ధతితో అంకెలన్నీ స్పష్టంగా వచ్చాయి. చుట్టూ ఉన్న తలం పోత పోసినప్పటి గరుకుతోనే ఉంది, గ్రైండింగ్ జాడ లేదు. అంకెల మధ్య దూరం సమంగా ఉంది. పెన్సిల్ ప్రింటు తీసుకున్నాం.

తర్వాత హెడ్ లేపాం. గురువారం రాత్రే ఆయిల్ పోసి ఉంచాం కనుక ఇంజిన్ హ్యాండిల్‌తో సులభంగానే తిరిగింది. నాలుగు సిలిండర్లలోనూ మేస్త్రి గారు పైన, మధ్యలో, కింద కొలిచారు. బోరు 74.04 మిల్లీమీటర్ల దగ్గర వచ్చింది. నాకు గుండె ఆగినంత పనైంది, ఎందుకంటే అది 73.025 కాదు, 76.2 కూడా కాదు. మేస్త్రి గారు పిస్టన్ల నెత్తిన మసి తుడిచి చూపించారు: నాలుగింటి మీదా 040 అని ఉంది. అంటే 1489 ఇంజిన్‌నే నలభై థౌ (అంగుళంలో వెయ్యో వంతులు నలభై) పెంచి బోరు చేయించి, ఆ సైజు పిస్టన్లు వేశారన్నమాట. లెక్క కడితే ఇప్పుడది 1531 సీసీ అవుతుంది.

ఇక పుస్తకం. పెద్దావిడ దాన్ని బీరువాలో పసుపు గుడ్డలో చుట్టి దాచారు. తెరిచి చూస్తే, మొదట రాసిన ఇంజిన్ నంబరు ఎర్ర సిరాతో కొట్టివేసి ఉంది. పక్కన 1967 తేదీతో కొత్త నంబరు, సంతకం, ముద్ర ఉన్నాయి. కొత్త నంబరు మా పెన్సిల్ ప్రింటుతో అంకె అంకె కలిసింది. ఛాసిస్ నంబరు కూడా కలిసింది. కానీ ఆర్సీ_పుస్తకం గారు హెచ్చరించినట్టే సీసీ గడిలో 1476 అలాగే ఉండిపోయింది. ఈ కారు ఉత్తరపారా నుంచి సైడ్ వాల్వ్ ఇంజిన్‌తోనే వచ్చిందనడానికి అంతకన్నా మంచి సాక్ష్యం ఉండదని మేస్త్రి గారు అన్నారు.

అమ్మే ఆయన పుస్తకంలోని ఆ పేజీ చూసి చాలాసేపు మాట్లాడలేదు. 1967 నాటికి ఆయన ఇంకా పుట్టలేదు. నాన్నగారు ఎన్నడూ చెప్పలేదని, తాను అబద్ధం చెప్పలేదని పదే పదే అన్నారు. నేను నమ్మాను. అప్పుడు పెద్దావిడ వసారాలోంచి, ఆ పాత ఇంజిన్‌ను తుక్కు కింద అమ్మేశారనీ, దాని మీది పలక ఒకటి మాత్రం మిగిలిందనీ చెప్పారు. వెళ్లి చూస్తే వడ్ల పురి పక్కన తౌడు డబ్బా మూత మీద బరువుగా పెట్టి ఉంది. మందపాటి ఇనుప పలక, నాలుగు ప్లగ్గు రంధ్రాలు, అంచుల వెంట స్టడ్ల రంధ్రాలు. తిప్పి చూస్తే లోపలి వైపు మంట మండే గుంటలు నాలుగు ఉన్నాయి గాని, వాల్వు రంధ్రం ఒక్కటీ లేదు.

సైడ్‌వాల్వ్ | శనివారం, రాత్రి 10:50

మీ వర్ణన చదువుతుంటే నాకు ఆనందంగా ఉంది. అది నిస్సందేహంగా సైడ్ వాల్వ్ హెడ్. అయితే ఒక్క మాట. హెడ్ మీద ఇంజిన్ నంబరు ఉండదు కనుక, అది ఈ కారుదేనని ఆ ఇనుము తానుగా చెప్పదు. పుస్తకం, పెద్దావిడ జ్ఞాపకం, హెడ్ మూడూ ఒకే మాట చెబుతున్నాయి కనుకనే నమ్మవచ్చు.

జీపు_ఖమ్మం | ఆదివారం, ఉదయం 7:05

నా అభిప్రాయం కొంచెం కఠినంగా ఉండవచ్చు. అసలు ఇంజిన్ అన్న మాట మీద చెప్పిన ధర ఇప్పుడు చెల్లదు. నేనైతే వదిలేసి వస్తాను. అసలు ఇంజిన్ ఉన్న ల్యాండ్‌మాస్టర్ ఎప్పటికైనా దొరుకుతుంది.

సైడ్‌వాల్వ్ | ఆదివారం, ఉదయం 8:20

ధర విషయంలో మీతో ఏకీభవిస్తాను, వదిలేయడం విషయంలో ఏకీభవించలేను. 1967లో ఒక రైతు, అప్పటికి అంబాసిడర్ విడిభాగాలు ప్రతి పట్నంలోనూ దొరుకుతున్నప్పుడు, అరిగిపోయిన సైడ్ వాల్వ్ ఇంజిన్ తీసి అదే కంపెనీ తయారు చేసిన ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్ పెట్టించి, కార్యాలయానికి వెళ్లి పుస్తకంలో రాయించుకున్నాడు. ఆ మార్పు కూడా ఇప్పుడు ఆ కారు చరిత్రలో భాగమే. దాచిపెట్టిన మార్పు వేరు, ముద్ర వేయించుకున్న మార్పు వేరు. ఐషర్ ట్రాక్టర్ ఇంజిన్ బిగించి కాగితాల్లో పెట్రోలు అని ఉంచిన బండి అయితే నేనూ వదిలేయమనే వాడిని.

కౌలీ_తెలుగు | ఆదివారం, మధ్యాహ్నం 1:15

2021 నాటి వింటేజ్ వాహనాల నియమాల కింద ఈ కారును నమోదు చేయించే ఆలోచన ఉందా? ఉంటే ఇంజిన్ మార్పు అక్కడ ప్రశ్న అవుతుంది.

ఆర్సీ_పుస్తకం | ఆదివారం, మధ్యాహ్నం 3:40

అవును, అవుతుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాలకు 2021 జులైలో చేసిన సవరణ ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని రెండు, నాలుగు చక్రాల వాహనాలు వింటేజ్ వాహనాలు. అవి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో గణనీయమైన మార్పు జరిగి ఉండకూడదు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత తిరిగి నమోదుకు 5,000 రూపాయలు. అలా నమోదైన కారును రోజువారీ తిరగడానికి వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతులు, ఇలాంటి వాటికే రోడ్డు మీదికి తీసుకురావాలి.

అదే కంపెనీ ఇంజిన్‌తో, అదే ఇంధనంతో, ఎన్నో దశాబ్దాల కిందట, పుస్తకంలో రాయించి చేసిన మార్పును గణనీయమైనదిగా తీసుకోవాలా వద్దా అన్నది పరిశీలించే కమిటీ నిర్ణయిస్తుంది. నేనైతే కమిటీకి ఆ పేజీ నకలు దరఖాస్తుతోపాటే ఇస్తాను. వాళ్లు కనిపెట్టేదాకా ఆగితే అనుమానం పెరుగుతుంది. ముందుగా చేయవలసింది మాత్రం సీసీ గడిని సరిచేయించడం. అందుకు దరఖాస్తు, పెన్సిల్ ప్రింటు, కొలిచిన మేస్త్రి రాసిచ్చిన కాగితం కలిపి ఇవ్వండి. కాగితంలో 1531 అని రాయించకండి, కంపెనీ సామర్థ్యం 1489 అనే రాయించండి. బోరు చేయించడం మరమ్మతే గాని ఇంజిన్ మార్పు కాదు.

లేతుమేస్త్రి | ఆదివారం, సాయంత్రం 5:30

కాగితం రేపే రాసి పంపిస్తాను. ఒక్క విషయం మాత్రం కొనే ఆయన మనసులో పెట్టుకోవాలి. నలభై థౌ దాటి ఇంకొకసారి బోరు చేయవచ్చు గాని, ఆ తర్వాత స్లీవులు (సిలిండర్ లోపల బిగించే గొట్టాలు) వేయించక తప్పదు. స్లీవు వేస్తే మళ్లీ మొదటి సైజుకు వచ్చేస్తుంది. ప్రస్తుతం గోడలు నున్నగానే ఉన్నాయి, పైఅంచున గట్టు కూడా గోరుకు తగిలీ తగలనట్టు ఉంది. రింగులు మార్చి నడుపుకోవచ్చు.

తెనాలి_పాతకారు | గురువారం, రాత్రి 9:00

కారు కొన్నాను. అమ్మే ఆయన మొదట చెప్పిన ధరలో నాలుగో వంతు తగ్గించారు. నేను ఇంకా బేరమాడలేదు. స్టాంపు కాగితం మీద మేము రాసుకున్న వాక్యం ఇక్కడ యథాతథంగా ఉంచుతున్నాను, తర్వాత కొనేవారికి ఉపయోగపడవచ్చు: "ఈ వాహనమునకు తయారీలో అమర్చిన 1476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజిన్ ప్రస్తుతము లేదు, 1967లో రిజిస్ట్రేషన్ పుస్తకములో నమోదు చేయించి అమర్చిన హిందుస్థాన్ 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్ ఉన్నది, ఈ విషయము ఉభయులకు తెలియును."

పాత హెడ్‌ను పెద్దావిడ కారుతోపాటు ఇచ్చేశారు. తౌడు డబ్బా మీద పెట్టడానికి ఆవిడకు ఇంకో బరువు కావాలి కనుక, మా పెరట్లో వాడకుండా పడి ఉన్న రుబ్బురోలు పొత్రాన్ని రేపు ట్రాలీతోపాటే పంపిస్తున్నాను. సైడ్‌వాల్వ్ గారూ, హెడ్ రెండు పక్కలా కొలతలు వేసి ఫొటోలు తీస్తాను. దానికి సరిపోయే బ్లాకు మీకెక్కడైనా కనబడితే, ఏ స్థితిలో ఉన్నా సరే, ముందుగా నాకు చెప్పండి.